శ్రీమతి పొణకా కనకమ్మగారు - నెల్లూరి సీమలో బాలికల చదువు

మన సంఘ వార్షిక మహాసభల ప్రత్యేక సంచికలు తెఱచినంతనే మొదట కనబడునవి దాతల చిత్రపటములు. చెఱువులకు గట్లు పోయించినవారు, సత్రములు కట్టించినవారు, దేవాలయములకు మాన్యములు వ్రాసి యిచ్చినవారు, విద్యార్థి వసతిగృహములకు ధనమిచ్చినవారు వరుసగా దర్శనమిత్తురు. ఇది ఉచితమే. ఇచ్చిన చేతిని తలచుకొనని సంఘమునకు ఇచ్చు చేతులు కఱవగును. అయితే ఆ పటముల నడుమ స్త్రీమూర్తులు మిక్కిలి అరుదు. ఉన్నచోట సహితము ఫలానివారి ధర్మపత్ని యను మాటయే పేరునకు ముందు నిలుచును. ఈ కట్టుబాటునకు లోబడని పేరు ఒక్కటి తఱచుగా మన సంచికలలో వచ్చుచున్నది. అది శ్రీమతి పొణకా కనకమ్మగారి పేరు. వచ్చినంత వేగముగా పోవుచున్నది కూడను. దేశభక్తురాలు, విద్యాదాత్రి, కులరత్నము అని మూడు విశేషణములు; అంతటితో సరి. ఆ మూడు మాటలతో తృప్తిపడలేక మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేము బడిలో సంస్కృత వ్యాకరణము చెప్పిన కాలమున పిల్లలకు వినోదముగా తోచు విషయమొకటి యుండెడిది. ఆచార్యుని భార్యను ఆచార్యానీ యందురు. తానే శాస్త్రమును వ్యాఖ్యానించి చెప్పగల స్త్రీని ఆచార్యా యందురు. అట్లే ఉపాధ్యాయుని భార్య ఉపాధ్యాయానీ. తానే చదువు చెప్పునది ఉపాధ్యాయా. భర్తనుబట్టి వచ్చిన పేరు వేఱు, విద్యనుబట్టి వచ్చిన పేరు వేఱు. వైయాకరణులు ఇంత సూక్ష్మముగా విడదీసి చెప్పిరనగా పూర్వము చదువు చెప్పు స్త్రీలు లోకమున నుండిరనియే గదా యర్థము. నడుమ ఎన్నియో శతాబ్దములు ఆ రెండవ మాటకు పని లేకపోయినది.

మన నెల్లూరు తిక్కన సోమయాజి కాపురమున్న యూరు. పదునైదు పర్వముల భారతము తెనుగున వెలసినది పినాకినీ తీరమున. ఆ తీరముననే తరతరముల స్త్రీలు భారతమును చెవితో విన్నారే గాని కంటితో చదివినవారు కొలదిమంది. వీధిబడులు లేకపోలేదు. ఏటి యిసుక పోసి, అందులో వ్రేలితో ఓనమాలు దిద్దించి, పిమ్మట పలకా బలపము నిచ్చి, పెద్దబాలశిక్ష వల్లింపించెడివారు. కాని ఆ యిసుకలో వ్రేలు పెట్టినవారు మగపిల్లలు. ఆడుపిల్ల అక్షరము నేర్చినచో మాంగల్యమునకు కీడని కొందఱు, ఉత్తరములు వ్రాసి యిల్లు కూల్చునని కొందఱు, ఎటులైనను అత్తవారింటికి పోవునది మనకేల వ్యయమని మఱికొందఱు అనెడివారు. మొదటి రెండు మాటలను మూఢవిశ్వాసమని త్రోసివేయవచ్చును. మూడవది లెక్క తెలిసినవాని మాట. అదియే అన్నిటికంటె ఎక్కువ కాలము నిలిచినది.

1840లో అమెరికా బాప్టిస్టు మిషనువారు నెల్లూరు వచ్చి చేరిరి. వారి ప్రయత్నమున బాలికలకు చదువు చెప్పు పాఠశాలలు పుట్టినవి. మన పెద్దలు మతాంతర భయముచేత పిల్లలను అటు పంపలేదు. అట్లని తామైన వేఱొకటి పెట్టనూ లేదు. గోదావరీ తీరమున వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల తెఱచిరి. అయినను 1911 జనాభా లెక్కలనాటికి దేశమంతటను అక్షరజ్ఞానము గల స్త్రీలు నూటికొక్కరు మాత్రమే. మన నెల్లూరిలో మగపిల్లలకు వేంకటగిరి రాజావారి పేర నడుచు పాఠశాల 1920లో కళాశాలయైనది. ఆ యేటికి బాలికల కొఱకు మనవారు చేసినది చెప్పుకొనుటకు చాలదు.

ఇట్టి కాలమున, 1892 జూను 10వ తేదీన, నెల్లూరు జిల్లా మినగల్లు గ్రామమున మరుపూరు కొండారెడ్డిగారికి, కామమ్మగారికి కనకమ్మగారు జన్మించిరి. సంపన్న కుటుంబము. పదియేండ్లు నిండకమునుపే పోట్లపూడి వాస్తవ్యులు పొణకా సుబ్బరామిరెడ్డిగారితో వివాహమైనది. పోట్లపూడి నెల్లూరికి తూర్పున, సముద్రపు గాలి తగులు వరిపొలముల నడుమ నున్న పల్లె. అత్తవారును భూస్వాములే. కోడలికి తిండికి, బట్టకు, నగకు లోటు లేదు, లేనిదొక్కటే, బడి. ఆమె ఏ పాఠశాల మెట్టునూ ఎక్కినవారు కారు. ఇంటిలోనే యుండి తెనుగు నేర్చిరి, సంస్కృతము నేర్చిరి, హిందీ నేర్చిరి.

ఇంటిలోనే యుండి నేర్చిరి అని ఒక పంక్తిలో వ్రాయుట సులభము. పెద్ద కుటుంబపు కోడలికి తెల్లవాఱినది మొదలు దీపములు ఆర్పువఱకు తన ఘడియ యనునది యుండదు. పుస్తకము పట్టుకొన్నచో పని యెగవేయుచున్నదందురు. దీపము వెలిగించుకొన్నచో నూనె దండుగ యందురు. ఇది మాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మా మాతామహి సముద్రమునకు రెండు క్రోసుల దూరముననున్న పల్లెలో కాపురము చేసినది. తమ్ముడు బడినుండి వచ్చి పలక గోడకానించి ఆటకు పోగా, ఆ పలకమీది యక్షరములను చూచి చూచి బియ్యము చెరుగు చేటలో వ్రేలితో దిద్దుకొన్నది. ముప్పదియేండ్లు దాటిన తరువాత లాంతరు ముందు కూర్చుండి భారతము తానుగా చదువుకొన్నది. అటుపిమ్మట మధ్యాహ్నపు వేళ అరుగుమీద వాడకట్టు ఆడుపిల్లలను ఎనమండుగురిని, తొమ్మండుగురిని కూర్చుండబెట్టి ఓనమాలు దిద్దించెడిది. జీతము లేదు, హాజరుపట్టీ లేదు. పిల్ల యెవతెయైన బద్ధకించినచో, "వేలిముద్ర వేసే చెయ్యే వడ్డీ కట్టే చెయ్యి, తెలిసిందా అమ్మాయ్! నీ సంతకం నువ్వే పెట్టుకోవాలి" అనెడిది. ప్రామిసరీ నోటుమీద ఏమి వ్రాసియున్నదో తెలియక పొలము పోగొట్టుకొన్న యిల్లు మా వీధిలోనే యొకటి యుండెను. కావున ఆ మాటకు పిల్లలు భయపడెడివారు. మాకును తొలి యక్షరము ఆమె చేతిదే. ఇట్టి యమ్మమ్మలు మన తీరగ్రామములలో పలువురుండిరి. వారి పేర్లు ఏ సంచికలోను పడలేదు. కనకమ్మగారి గొప్పతనమును కొలుచుటకు ఈ చేటలోని యక్షరములు మాకు తోడ్పడినవి. ఏలయనగా ఆమెయు అదే మార్గమున నేర్చిన మనిషి. అయితే తాను నేర్చిన దానిని అరుగుమీద నిలుపక నగరము నడుమకు తెచ్చినది.

మొదట పోట్లపూడిలోనే సుజనరంజనీ సమాజము, వివేకానంద గ్రంథాలయము వెలసినవి. పల్లెటూరిలో గ్రంథాలయమనగా నేటివారికి చిన్న విషయముగా తోచును. ఆనాడు పుస్తకమున్న యింటికి పోయి అడుగవలసినవాడు కులము, వరుస, వైరము అన్నియు చూచుకొని అడుగవలెను. గ్రంథాలయము తలుపు తీసియున్నచో అడుగవలసిన పనియే లేదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ఊరూర ప్రాకుచున్న ఆ దినములలో ఒక గృహిణి తన యూరియందు దానికి పూనుకొనుట విశేషమే.

పిమ్మట గాంధీయుగము. 1921 ఏప్రిలు 7వ తేదీన పెన్నయొడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును మహాత్ముడు ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగారును దాని నిర్మాతలు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి ఆప్తమిత్రుడైన పారశీక రుస్తుంజీ ధనసహాయమున అచ్చట భవనము లేచినది. ఆశ్రమమునకు కావలసిన భూమి, 13 ఎకరములు, కనకమ్మగారిచ్చినది. అప్పటికామెకు ఇరువదితొమ్మిదేండ్లు నిండలేదు. వరిపండు నేల విలువ మన పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. సెంటు భూమికై అన్నదమ్ములు న్యాయస్థానములకెక్కు సీమ మనది. రాట్నము, ఖద్దరు, అస్పృశ్యతా నివారణము ఆ యాశ్రమమున నిత్యకృత్యములు. ఉప్పు సత్యాగ్రహ కాలమున మన జిల్లా కార్యకర్తలకు అది శిబిరమైనది.

1923లో ఆమె నెల్లూరిలో శ్రీ కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. దీనిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది.

ముందుగా ఆ పేరు. అప్పటికి కస్తూరిబాయి జీవించియే యున్నది. ఆమె నిర్యాణము 1944లో. జీవించియున్న వారి పేర సంస్థలు పెట్టుట మన సంప్రదాయమున అంతగా లేదు. అంతకంటె వింత యింకొకటి కలదు. కస్తూరిబాయి బడిలో చదువుకొన్నది కాదు. గుజరాతీలో సామాన్యమైన యుత్తరము కష్టముమీద వ్రాయగలిగినదనియు, ఆమెకు చదువు రాకపోవుటకు లోపము తనయందే యున్నదనియు గాంధీజీ తమ యాత్మకథలో చెప్పుకొనిరి. బడి యెఱుగని స్త్రీ స్థాపించిన బడికి బడి యెఱుగని స్త్రీ పేరు! సరస్వతీ నామములకు మన భాషలో కొదువ లేదు. శారద యనవచ్చును, భారతి యనవచ్చును. 1922లో గుంటూరిలో ఉన్నవ దంపతులు తమ సంస్థకు శారదానికేతనమని పేరిడియే యుండిరి. కనకమ్మగారు కస్తూరిదేవి యనిరి. గాంధీభక్తిచేత అనియుందురని చెప్పుట సులభము, నిజమును కావచ్చును. మాకు మాత్రము ఆ పేరు చదివినపుడెల్ల, చదువు దక్కనివారు చదువు దక్కవలసినవారికొఱకు నాటిన మ్రాను గుర్తునకు వచ్చును.

ఇక బడి నడుపుట. మేము ముప్పదియేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నుంటిమి గనుక ఇది కొంత తెలిసిన విషయము. బడి తెఱచుట ఉత్సవము. తెఱచిన బడిని మూతపడకుండ చూచుట తపస్సు. ఆనాటి బాలికా పాఠశాలకు కష్టములు మూడు వైపులనుండి వచ్చెడివి. పిల్లలు దొరకుట మొదటిది. ఇల్లిల్లు తిరిగి తల్లులను ఒప్పింపవలెను. తల్లులు ఒప్పినను తాతలు ఒప్పరు. వచ్చిన పిల్ల పది పండ్రెండేండ్లు రాగానే పెండ్లియని నిలిచిపోవును. కన్యకు పదునాలుగేండ్లు నిండవలెనను శారదా చట్టము 1929నాటిది. అదియు కాగితముమీదనే చాలకాలముండెను. స్త్రీలైన ఉపాధ్యాయులు దొరకుట రెండవ కష్టము. చదివినవారే లేనిచోట చెప్పువారెక్కడ? మూడవది ధనము. సహాయనిరాకరణమునుండి పుట్టిన జాతీయ పాఠశాలలు సర్కారు గ్రాంటును ఆశింపరాదు. ఇన్‌స్పెక్టరు దొరగారి బెడద లేదు, నిజమే; నెల తిరుగగానే జీతములకు ఎవరి ముఖము చూడవలెనన్న బెడద మాత్రము స్థాపకురాలిదే. ఆమె తన ధనము వెచ్చించిరి, ఇతరులనుండి యాచించి తెచ్చిరి. జమీందారీ ఇంటి కోడలివంటి మనిషి బడికొఱకు చేయి చాచుట, ఆ దినములలో, భూమి నిచ్చుటకంటె కష్టమైన దానమని మా యభిప్రాయము.

1929లో గాంధీజీ ఖద్దరు నిధికై ఆంధ్రదేశ పర్యటన చేయుచు మరల నెల్లూరు వచ్చినపుడు విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. శంకుస్థాపన జరిగిన మఱుసటి యేడే ఉప్పు సత్యాగ్రహము. 1930లోను, మరల 1932లోను కనకమ్మగారు చెఱకు పోయిరి. రాయవేలూరు స్త్రీల కారాగారమున శిక్ష యనుభవించిరి. బడి నడుపు మనిషి చెఱలో నుండగా బడి గతి యేమగునో ఊహింపవచ్చును. ఆ రెండు ధర్మములలో ఏది ముందు అని మాబోటి బడిపంతులు తర్కించుకొనును. పిల్లలను విడిచి పోవచ్చునా? పోకున్న ఆ పిల్లలకు నేర్పిన పాఠమునకు విలువ యేమి? ఆమె పోయిరి, తిరిగి వచ్చిరి, తిరిగి బడిని నిలబెట్టిరి. తర్కమునకు ఆమె యిచ్చిన సమాధానమిదే.

ఆమెకు ఒక్కతే కుమార్తె. ఆ పిల్ల యౌవనముననే గతించినది. ఈ దుఃఖమును గూర్చి మేము విస్తరింపము. పిమ్మట ఆమె మనస్సు అరుణాచలమువైపు, రమణమహర్షుల సన్నిధివైపు మరలినది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటకవయిత్రులై భక్తికవిత్వము వ్రాసిరి. జంటకవులు తెలుగువారికి క్రొత్త కాదు. జంటకవయిత్రులు మాత్రము క్రొత్త. కన్నబిడ్డను పోగొట్టుకొన్న యా తల్లికి విద్యాలయపు పిల్లలే బిడ్డలైరని మన సభలలో వక్తలు చెప్పుచుందురు. వినుటకు బాగుండును గాని, ఒక బిడ్డకు మాఱు వేఱొక బిడ్డ ఉండదని కడుపుకోత యెఱిగిన యే తల్లినైన నడిగిన చెప్పును. ఆ బాధ ఆ బాధగానే యుండగా ఆమె బడిని విడువలేదు, చెప్పవలసినది ఇంతే. ఆ పిల్లలు పెరిగి యిండ్లకు పోయి తల్లులైరి, అమ్మమ్మలైరి, నాయనమ్మలైరి. ఇంటిలో మొదటి పలక పట్టించిన చేయి ఎవరిదని అడుగుచు వెనుకకు పోయినచో నెల్లూరిలో పెక్కు కుటుంబములు ఆ విద్యాలయపు గుమ్మమునకు చేరును. నేటికిని ఆ పేరు నెల్లూరిలో నిలిచియున్నది.

1963 సెప్టెంబరు 15వ తేదీన, డెబ్బదియొకటవయేట దాటిన పిదప, కనకమ్మగారు పరమపదించిరి. ఆమె తన జీవితకథను తానే వ్రాసిపెట్టిరి. ఆ గ్రంథము డాక్టరు కాళిదాసు పురుషోత్తముగారి సంపాదకత్వమున కనకపుష్యరాగమను పేర అచ్చయినది 2011లో. అనగా నలువదియెనిమిదేండ్లు! ఈ నలువదియెనిమిదేండ్లలో మన జిల్లాలో ఎన్ని కులసభలు జరిగినవి, ఎన్ని తోరణములు కట్టిరి, ఎన్ని శాలువలు కప్పిరి! వ్రాతప్రతి యొకటి అచ్చువేయుటకు పట్టు వ్యయము ఒక మహాసభలో పందిరికి పట్టు వ్యయములో ఎన్నవ పాలో లెక్క చూచుకొనుట పోషకులకు కష్టము కాదు. ఆ పనికి పూనుకొన్నది ఒక విద్వాంసుని శ్రద్ధ; కులాభిమానము కాదు.

ఇక్కడ మేము కొంత నిర్మొగమాటముగా మాటలాడవలసియున్నది. వయస్సునుబట్టి పెద్దలు క్షమింతురు. కనకమ్మగారు మన కులమున జన్మించిరి. అది సత్యము, మనకు సంతోషము. కాని ఆమె మన కులమునకు బడి పెట్టలేదు. ఆమె నడచిన బాటలోని విద్యాసంస్థల ధర్మము వేఱు. 1920లో వెలసిన గుజరాత్ విద్యాపీఠము, అంత్యజులను వెలివేయు పాఠశాలకు తమ గుర్తింపు లేదని కచ్చితముగా తీర్మానించినది. ఆ నియమముమీద ధనమిచ్చువారు అలిగినను గాంధీజీ సడలింపలేదు. పల్లిపాడులో అందఱకును ఒకటే పంక్తి. అట్టి మనిషిని కులరత్నమని మన పెట్టెలో పెట్టి తాళము వేసికొనినచో రత్నము మనదగును గాని వెలుగు ఎవరికి?

ఈ మాట ఊరక అనుట కాదు. ఈ సంవత్సరమునుండి ఉన్నత విద్యకు పోవు బాలికలకు మన సంఘము ఇచ్చు పారితోషికములలో ఒకదానికి కనకమ్మగారి పేరు పెట్టవలెనని కొందఱు సభ్యులు తలపెట్టినట్లు వింటిమి. చాల మంచి తలంపు. దాతలు ముందుకు వచ్చిరనియు తెలిసినది. సంఘపు ధనము సంఘపు పిల్లలకే చెందవలెనను నియమము మిగిలిన పారితోషికములకు ఉన్నదున్నట్లుండవచ్చును. దానితో మాకు వివాదము లేదు. ఈ యొక్కదానికి మాత్రము ఆ నియమము వర్తింపరాదు. ఆమె పేరుతో ఇచ్చునది మత్స్యకారుల పిల్లకును, మాలమాదిగవాడల పిల్లకును, యానాదుల పిల్లకును, మన పిల్లకును సమానముగా అందునట్లుండవలెను. మైపాడునుండి కృష్ణపట్టణమువఱకు ఈ తీరమున ఇంటిలో మొదటిసారిగా కళాశాలకు పోవు బాలికలు నేటికిని కలరు. వారిలో పేదరాలిని ఏరుట ఊరి ఉపాధ్యాయులకు ఒక సాయంకాలపు పని.

దరఖాస్తు నమూనాను మేము చూచితిమి. అందులో విద్యార్థిని పేరునకు దిగువ తండ్రి పేరు, గోత్రము, ఇంటిపేరు, ఉపశాఖ అని నాలుగు గడులున్నవి. ఈ పారితోషికమునకు గోత్రమును, ఉపశాఖను తీసివేసి, ఆ చోట తల్లి పేరునకొకటి, ఆమె ఎంతవఱకు చదువుకొన్నదో వ్రాయుటకొకటి గడులు వేయింపవలెనని కార్యదర్శిగారికి లేఖ వ్రాసితిమి. నమూనా ఇంకను అచ్చుకు పోలేదట. మహాసభ రెండవనాటి ఉదయము కార్యనిర్వాహక వర్గము కూడునపుడు ఈ విషయము చర్చకు వచ్చును. పోషకులు దయచేసి ఆ వేళకు హాజరు కావలెను.